బొమ్మ కారే కానీ.. స్టీరింగ్ అసలుదే!

లారీల అలైన్‌మెంట్ షెడ్డులో రేసు బగ్గీకి మరమ్మతు.. ఐదు వేలతో ఓ హోసూరు కుర్రాడి తంటాలు

హోసూరు: కారు పొడవు మూరకు కాస్త తక్కువ. బరువు కిలోన్నర. నడిపేవాడు కార్లో ఉండడు. ఇరవై అడుగుల దూరంలో బల్లమీద నిలబడి, చేతిలోని రేడియో చక్రం తిప్పుతుంటాడు. అంతమాత్రాన ఆటవస్తువని తీసిపారేయడానికి లేదు. మోటారు కాస్త మంచిది వేస్తే మట్టి మీద గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ వేగంలో ముందు చక్రాలు చెప్పినమాట వినకపోతే ఏమవుతుందో బాగలూరు రోడ్డులోని ఓ చక్రాల అలైన్‌మెంట్ షెడ్డులో బల్లమీద పెట్టిన బగ్గీని చూస్తే తెలిసిపోతుంది. ముందు బంపరు సగం లేదు. ఎడమ చక్రం అంచు చిట్లింది. పైన రంగుల తొడుగుకు మూడుచోట్ల టేపు.

దాని యజమాని పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి ఏడాది కుర్రాడు. సాయంత్రాలు కొరియర్ పొట్లాలు అందిస్తాడు. కారు సంగతి ఇంట్లో ఇంకా తెలియదు కాబట్టి పేరు రాయొద్దన్నాడు. నిజానికి కారు అతనొక్కడిదీ కాదు. ముగ్గురు స్నేహితులు తలా మూడు వేలు వేసి బెంగళూరులో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రెండు రేసులకు తీసుకెళ్లారు. రెండింట్లోనూ సగంలోనే ఆగిపోయింది. తిన్నగా ఉన్న దారిలో తాగినవాడిలా ఊగుతుంది. ఎడమకు తిప్పితే ఇట్టే తిరుగుతుంది. కుడికి తిప్పితే బద్ధకిస్తుంది. ట్రాక్ అంచున వేసిన పైపులకు పోయి గుద్దుకుంటుంది. "ఈ ఆదివారం గూడా ఇట్లే అయితే అమ్మేద్దాం" అని మిగతా ఇద్దరూ తేల్చేశారు.

కుర్రాడి దగ్గర పరీక్ష ఫీజు పోను మిగిలింది ఐదు వేలు. దాంతో నాలుగున్నర వేలు పెట్టి కొత్త సర్వో కొంటే అన్నీ కుదురుకుంటాయని అతని నమ్మకం. కొనేముందు మేనమామకు ఓసారి చూపిద్దామని షెడ్డుకు తెచ్చాడు. మేనమామకు బొమ్మ కార్ల సంగతి తెలియదు. లారీల ముందు చక్రాల కింద మాత్రం ముప్పయ్యేళ్లు పడుకున్నాడు.

ఆయన రేడియో అడగలేదు. బ్యాటరీ అడగలేదు. రెండు చేతులతో ముందు చక్రాలను పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. టక్ టక్‌మని శబ్దం.

"ఆడుతాంది అల్లుడా. సర్వో గాదు, దేవుడొచ్చి తిప్పినా ఇది నీ మాట యాడ వింటాది?"

ఆట ఎక్కడుంది?

మెకానిక్ భాషలో 'ఆడటం' అంటే వదులు. షెడ్డు బోర్డు తమిళంలో ఉంటుంది, లారీ ఓనరు కన్నడంలో బేరమాడతాడు, మేస్త్రీ తెలుగులో తిడతాడు. కానీ బుష్, బేరింగ్, టై రాడ్, కింగ్ పిన్ అనే మాటలు అందరికీ ఒకటే. ఆ మాటలే ఈ బుల్లి కారుకూ వర్తించాయి. కుర్రాడి చేతిలో ఉన్నది జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ టీటీ-02బీ. పదో వంతు సైజు, నాలుగు చక్రాలూ లాగే రకం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కొనే కిట్లలో ఇదొకటి. ధర అందుబాటులో ఉంచాలి కాబట్టి కిట్‌లో చాలాచోట్ల ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు. దాంట్లో తప్పేమీ లేదు. ఇంటి ముందు ఆడుకోవడానికి అవి చాలు. రేసుకు చాలవు.

రేడియో చక్రం తిప్పిన దగ్గర్నుంచి టైరు తిరిగేదాకా ఎన్ని కీళ్లున్నాయో మామా అల్లుళ్లు కూర్చుని లెక్కపెట్టారు. రేడియో నుంచి వచ్చిన సంకేతాన్ని రిసీవరు అందుకుని సర్వోకు చెబుతుంది. సర్వో అంటే చిన్న మోటారు, గేర్లు, ఎంత తిరిగిందో కనిపెట్టే సర్క్యూటు కలిసిన అగ్గిపెట్టంత డబ్బా. దాని ఇరుసు మీద సర్వో సేవర్ అనే స్ప్రింగు పట్టు. దాన్నుంచి ఒక కడ్డీ. కడ్డీ చివర రెండు పిడులు.. వీటిని బెల్‌క్రాంక్‌లంటారు. రెండు పిడులనూ కలిపే అడ్డపట్టీ. పట్టీ నుంచి చెరోవైపు టై రాడ్. దాని చివర గుండు కీలు. ఆ తర్వాత చక్రాన్ని మోసే అప్‌రైట్. దాన్ని నిలబెట్టే కింగ్ పిన్ స్క్రూలు. ఆఖరున చక్రం తిరిగే బేరింగులు. ఒక్కోచోట వెంట్రుకవాసి వదులున్నా అన్నీ కలిస్తే చక్రం దగ్గర ఒక మిల్లీమీటరు దాటిపోతుంది.

ఒక మిల్లీమీటరే కదా అనుకోవద్దు. అప్‌రైట్ చేయి పొడవు 20 మి.మీ. అనుకుంటే, దాని చివర 1 మి.మీ. వదులు చక్రం దగ్గర దాదాపు 3 డిగ్రీలవుతుంది. ముందు, వెనక చక్రాల నడుమ దూరం సుమారు 250 మి.మీ. ఉన్న కారులో చక్రాలు ఒకే ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉండిపోతే, టైరు జారకుండా పోతుందనుకున్నా, పది మీటర్లు వెళ్లేసరికి బండి మూడు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. అంటే నడిపేవాడు రేడియో తిన్నగా పట్టుకున్నా బండి తన ఇష్టం వచ్చిన దారి పడుతుందన్నమాట. అది సరిదిద్దబోయి ఇతను తిప్పుతాడు. వదులు దాటేదాకా ఏమీ జరగదు. దాటాక ఒక్కసారిగా తిరుగుతుంది. తాగినవాడి నడక అక్కడిదే. ఇందులో సర్వో పాపం లేదు.

కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో..

మొదట మార్చింది బుష్‌లు. చక్రాల దగ్గర ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి బాల్ బేరింగులు వేశారు. ఈ కారుకు ఎక్కువగా పట్టేవి 1150 అని పిలిచే సైజు. లోపలి రంధ్రం 5, బయట 11, మందం 4 మి.మీ. స్కూటర్ డైనమోలోనో మిక్సీలోనో వేసే బేరింగుకు మనవడిలా ఉంటుంది. బేరింగులు వేస్తే వేగం పెరుగుతుందనే అందరూ కొంటారు. స్టీరింగ్‌కూ వాటి అవసరం అంతే ఉంది. ప్లాస్టిక్ బుష్‌లోకి మట్టి చేరితే రంధ్రం కోడిగుడ్డులా అరిగిపోతుంది. అప్పుడు చక్రం నిలువునా ఊగుతుంది. కుర్రాడి కారులో ఎడమ ముందు బుష్ సరిగ్గా అలాగే ఉంది.

తర్వాత బెల్‌క్రాంక్‌లు. ఇవి ప్లాస్టిక్. సన్నటి నిలువు పోస్టుల మీద తిరుగుతాయి. ఈ మోడల్‌లో అందరూ చెప్పుకునే వదులు ఇక్కడిదే. అల్యూమినియంతో చేసి లోపల బేరింగులు పెట్టిన స్టీరింగ్ సెట్లు టమియావే దొరుకుతాయి, వేరే కంపెనీలవీ దొరుకుతాయి. కుర్రాడు తక్కువ ధరలో ఉన్నది 1,400కు తెప్పించాడు. డబ్బులు పెట్టడానికి ఇది సరైన చోటే అని ఈ విలేకరికీ అనిపించింది. నీలం రంగు అల్యూమినియం కనబడితే చాలు, కారంతా తొడిగేవాళ్లున్నారు. సగం అలంకారమే. పైగా దెబ్బ తగిలినప్పుడు ప్లాస్టిక్ వంగి తిరిగి వస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉంటుంది, లేదంటే ఆ దెబ్బను పక్క భాగానికి తోసేస్తుంది. సస్పెన్షన్ చేతులకు ప్లాస్టికే మేలు. తిరిగేచోట, వదులు పనికిరానిచోట మాత్రమే లోహం.

కొత్త సెట్టు బిగించాక కూడా పోస్టు మీద పైకీ కిందకీ కాస్త కదలిక మిగిలింది. పలచటి వాషర్లు, అంటే షిమ్‌లు వేయాలి. ఊళ్లో దొరకవు. తెప్పించాలంటే వారం. మేనమామ చెత్తబుట్టలోంచి కూల్‌డ్రింక్ డబ్బా తీసి, కత్తెరతో కత్తిరించి, పంచ్‌తో రంధ్రం వేసి వాషర్లు చేసేశాడు. ఆ రేకు మందం సుమారు 0.1 మి.మీ. ఒకటి వేస్తే ఇంకా వదులు. మూడు వేస్తే బిగుసుకుంది. రెండు వేస్తే, కారును పక్కకు వంచితే పిడులు వాటంతట అవి జారాయి, కదిపితే చప్పుడు లేదు. "లారీలోనైనా ఇంతే. బిగువు ఎక్కువైతే స్టీరింగ్ తిరిగి రాదు, తక్కువైతే నిలవదు" అన్నాడాయన.

ఈ తిరిగి రావడం అన్న ముక్క ముఖ్యం. వదులు పోగొట్టాలని స్క్రూలన్నీ బిర్రుగా బిగించేస్తారు కొత్తవాళ్లు. అప్పుడు సర్వో నడుమకు రాబోయి ఓ వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. ఎడమ నుంచి వస్తే ఎడమన, కుడి నుంచి వస్తే కుడిన. అదీ ఊగుడే. దాన్ని పరీక్షించడానికి తేలికైన పద్ధతుంది. సర్వో నుంచి వచ్చే కడ్డీని ఊడదీసి, చక్రాన్ని వేలితో తోయాలి. ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా పట్టకుండా పోవాలి. ఈ కారులో కుడి కింగ్ పిన్ స్క్రూ దగ్గర పట్టింది. పావు చుట్టు వదిలితే సరిపోయింది. గుండు కీళ్లలో అరిగినవి నాలుగు మార్చేశారు. కొరకరాని కొయ్యల్లా ఉన్న కొత్తవాటిని పకారుతో మెల్లగా నొక్కి సడలించారు.

స్ప్రింగు మెత్తబడితే..

ఇక సర్వో సేవర్. పేరులోనే ఉంది, సర్వోను కాపాడేది. చక్రం పైపుకు కొట్టుకుంటే ఆ దెబ్బ నేరుగా సర్వో గేర్లకు పోకుండా మధ్యలో స్ప్రింగు విచ్చుకుంటుంది. కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ సేవర్ మరీ మెత్తన. పరుగులో ఉన్నప్పుడు చక్రాలు తిరగడానికి మొరాయిస్తే సర్వో తిరుగుతుంది, స్ప్రింగు విచ్చుకుంటుంది, చక్రం ఉన్నచోటే ఉంటుంది. నాలుగున్నర వేల సర్వో తెచ్చి ఈ స్ప్రింగుకు బిగిస్తే ఏమవుతుంది? బలమంతా స్ప్రింగు మింగేస్తుంది. కుర్రాడి ముఖం కాస్త మాడింది ఇక్కడే.

స్ప్రింగు పూర్తిగా తీసేసి గట్టి లోహపు చేయి పెట్టేవాళ్లూ ఉన్నారు. లోహపు గేర్ల సర్వో ఉన్నవాళ్లకు, బండి ఎక్కడా తగలకుండా నడపగలవాళ్లకు అది చెల్లుతుంది. వారానికి మూడుసార్లు పైపును ముద్దాడేవాళ్లకు కాదు. ఎక్కువ బలం పట్టే గట్టి స్ప్రింగు సేవర్ విడిగా దొరుకుతుంది. అది 500. దాన్ని కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. సర్వో ఇరుసు మీద పళ్లుంటాయి. ఫుటాబా రకానికి 25, జేఆర్, సన్వా, కేవో రకాలకు 23, హైటెక్ పాతవాటికి 24. చూడటానికి అన్నీ ఒక్కలాగే కనబడతాయి. 24 పళ్లదాని మీద 25 పళ్లది బలవంతంగా నొక్కితే ఎక్కినట్టే ఎక్కి రేసు మధ్యలో జారుతుంది.

మరి సర్వో మార్చాల్సిన పనే లేదా అంటే, ఉంది. ఎప్పుడన్నదే ప్రశ్న. కుర్రాడి కారులో ఉన్నది ఫుటాబా ఎస్3003. ప్రపంచమంతా వాడి అరగదీసిన మామూలు సర్వో. 6 వోల్టుల మీద దీని బలం 4.1 కేజీ-సెం.మీ. అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 4.1 కిలోల బరువును ఆపగలదు. 60 డిగ్రీలు తిరగడానికి 0.19 సెకను. రేసుల్లో వాడే డిజిటల్ సర్వోల్లో అదే తిరుగుడు 0.08 సెకనులో అయిపోయేవి ఉన్నాయి. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. సర్వో 30 డిగ్రీలు తిరిగే లోపల మొదటి దానితో కారు మీటరుకు పైగా పోతుంది. రెండోదానితో 45 సెంటీమీటర్ల లోపే. మలుపు లోపలి అంచు పట్టుకోవడానికీ, వదిలేయడానికీ ఆ తేడా చాలు. కాబట్టి కుర్రాడి ఆశ అన్యాయమైనదేం కాదు. కాకపోతే వదులు కీళ్ల మీద వేగమైన సర్వో పెడితే, తప్పుదారి ఇంకా వేగంగా పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బలమైన సర్వోకు కరెంటు ఎక్కువ కావాలి. అది మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ నుంచి వస్తుంది. చవక ఈఎస్‌సీలో సర్వోకిచ్చే కరెంటు పరిమితం. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే వోల్టేజీ పడిపోయి రిసీవరు ఒక్క క్షణం కళ్లు మూస్తుంది. మనం సిగ్నల్ పోయిందనుకుంటాం. కొనేముందు ఈఎస్‌సీ కాగితం మీద ఆ అంకె చూసుకోవడం మంచిది.

1818 నాటి గుర్రపుబండి లెక్క

కుడికి తిరగకపోవడం సంగతి ఇంకా తేలలేదు. దానికి ముందు చక్రాలు ఎలా తిరగాలో తెలియాలి. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలోనూ, బయటి చక్రం పెద్ద వృత్తంలోనూ పోతాయి. రెండూ సమానంగా తిరిగితే ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. లోపలిది ఎక్కువ తిరగాలి. మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ గుర్రపుబండి కోసం ఈ ఏర్పాటు చేస్తే, 1818లో లండన్‌లో అతని తరఫున పేటెంటు తీసుకున్నది రుడాల్ఫ్ ఆకర్‌మన్. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇవాళ్టికీ దాన్ని ఆకర్‌మన్ కోణమనే అంటారు.

ఈ బగ్గీకే లెక్క వేసి చూడొచ్చు. ముందు వెనక దూరం 250, రెండు చక్రాల నడుమ వెడల్పు 200 మి.మీ. అనుకుందాం. 700 మి.మీ. వ్యాసార్ధం ఉన్న మలుపు తిరగాలంటే లోపలి చక్రం సుమారు 22.6 డిగ్రీలు, బయటిది 17.4 డిగ్రీలు తిరగాలి. ఐదు డిగ్రీల పైచిలుకు తేడా. టై రాడ్లు కొద్దిగా ఏటవాలుగా ఉండేది ఈ తేడా కోసమే. అసలు రేసులో టైర్లు మట్టి మీద జారుతూనే ఉంటాయి కాబట్టి లెక్క అచ్చంగా కుదరాలని లేదు. కానీ ఎడమ మలుపుకు ఒక తేడా, కుడి మలుపుకు ఒక తేడా వస్తే మాత్రం ఎక్కడో బిగింపు తప్పిందని అర్థం.

తప్పింది సర్వో చేయి దగ్గర. 25 పళ్ల ఇరుసు మీద ఒక్క పన్ను తేడాగా ఎక్కిస్తే 14.4 డిగ్రీల తేడా. పాత యజమాని ఎవరో సర్వో నడుమకు రాకుండానే చేయి ఎక్కించి, మిగిలిన వంకరను రేడియోలోని ట్రిమ్ మీటతో సరిపెట్టేశాడు. కారు తిన్నగా పోతున్నట్టే కనబడుతుంది. సర్వో మాత్రం ఒక పక్కకు ముందే సగం తిరిగి కూర్చుంది. ఆ పక్కకు ఇంకా తిరగడానికి చోటు తక్కువ. కుడి మలుపు బద్ధకం ఇదే. ట్రిమ్ మీట అనేది చిన్న తేడాలకు ఉద్దేశించింది. పెద్ద తప్పులు దాచడానికి దాన్ని వాడితే ఇలాగే ఉంటుంది.

సరిచేసే వరస ఇది. ముందు రేడియోలో ట్రిమ్, సబ్ ట్రిమ్ అన్నీ సున్నా. రేడియో వేసి, తర్వాత కారు వేసి, సర్వోను దాని నడుమకు రానివ్వాలి. అప్పుడు చేయి ఎక్కించాలి, వీలైనంత నిటారుగా. పళ్ల మధ్య మిగిలే కొద్ది తేడా ఉంటే దానికి మాత్రం సబ్ ట్రిమ్. ఆ తర్వాత కడ్డీ పొడవు చూసి బెల్‌క్రాంక్‌లు రెండూ ఒకే తీరుగా నిలిచేలా చేయాలి. ఆఖరున టై రాడ్లు రెండూ సమానంగా. ఒక చివర ఎడమ మర, ఇంకో చివర కుడి మర ఉన్న టర్న్‌బకిల్ రాడ్లయితే ఊడదీసే పనిలేదు, మధ్యలో రెంచితో తిప్పితే పొడవు మారుతుంది. లారీ టై రాడ్‌లో ఉన్న ఏర్పాటే. మేనమామ మాన్యువల్‌లో అక్షరం చదవలేదు. బొమ్మలు చూసి పోతూనే ఉన్నాడు.

ముందు అంచులు కాస్త విచ్చుకోవాలా, దగ్గరవాలా అన్నదగ్గర మామా అల్లుళ్లకు తగవు వచ్చింది. లారీకి ముందు అంచులు కొన్ని మిల్లీమీటర్లు దగ్గరగా పెడతారు. పరుగులో రోడ్డు తోపుకు చక్రాలు బయటకు విచ్చుకుంటాయి కాబట్టి అప్పుడు సమానమవుతాయి. రేసు బగ్గీకి చాలామంది సున్నా నుంచి ఒక డిగ్రీ దాకా బయటకు విచ్చి పెడతారు. మలుపులోకి చురుగ్గా దూరుతుంది. 85 మి.మీ. టైర్లు చెరో డిగ్రీ విచ్చుకుంటే ముందు అంచుల దూరానికీ వెనక అంచుల దూరానికీ సుమారు 3 మి.మీ. తేడా. అలవాటైన చేయికి ఇది బాగుంటుంది. ఇప్పుడే ఊగుడు తగ్గిన బండికి మాత్రం సున్నాతో మొదలుపెట్టడమే క్షేమం. చివరికి మేనమామ మాటే నెగ్గింది. సున్నా పెట్టారు.

కారును నేలకు అదిమి వదిలి చూడటం ఆయన లారీల అలవాటు. ఇక్కడా అదే చేశాడు. పైనుంచి అదిమితే చక్రాలు తమంతట తామే కొంచెం లోపలికి తిరుగుతున్నాయి. సస్పెన్షన్ చేయి ఒక వృత్తంలో, టై రాడ్ ఇంకో వృత్తంలో కదలడం వల్ల వచ్చే తేడా ఇది. గుంతలో పడ్డ ప్రతిసారీ ఎవరూ తిప్పకుండానే స్టీరింగ్ తిరుగుతుందన్నమాట. బంప్ స్టీర్ అంటారు. గుండు కీలు కింద ఒక వాషరు వేసి ఎత్తు పెంచితే తగ్గింది. పూర్తిగా పోలేదు. ఈ కారులో అంతకంటే చేయడానికి వీల్లేకపోయింది.

మిగిలింది రేడియోలో అమరిక. ఈపీఏ అనే మీటతో సర్వో ఎంతవరకు తిరగాలో రెండువైపులా విడివిడిగా హద్దు పెట్టొచ్చు. చక్రం ఆగిపోయాక కూడా సర్వో ఇంకా తోస్తూ ఉంటే ఊయ్‌మని మూలుగుతుంది, వేడెక్కుతుంది. ఆ మూలుగు ఆగేదాకా హద్దు తగ్గించాలి. ఎక్స్‌పో అని ఇంకోటుంది. నడుమ దగ్గర చక్రం మెల్లగా, చివర్లో వేగంగా తిరిగేలా చేస్తుంది. వణికే వేళ్లకు మందు. కుర్రాడి చవక రేడియోలో అది లేదు, డ్యూయల్ రేట్ మాత్రమే ఉంది. కారును తిన్నగా ఉంచే గైరోలు కూడా అమ్ముతున్నారు కానీ పోటీల్లో చాలాచోట్ల వాటిని ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఇలా వదులున్న బండికి గైరో పెట్టడం పంటినొప్పికి తలనొప్పి మాత్ర వేసినట్టే.

కొనడం తేలిక కాదు

ఈ సరదా మనవైపు ఖరీదైనదిగానే ఉండిపోయింది. టమియా 1979లోనే రఫ్ రైడర్, సాండ్ స్కార్చర్ బగ్గీలు తెచ్చింది. అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ 1984లో ఆర్‌సీ10 తెచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో జే హాల్సీ టూ వీల్ డ్రైవ్ విభాగంలో దాంతోనే గెలిచాడు. అక్కడ పిల్లలకు పాకెట్ మనీతో అందేది ఇక్కడ నెల జీతమవుతుంది. దానికి తోడు బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశంలో బొమ్మల తయారీ పెరగాలన్నది ఉద్దేశం. పోటీ బగ్గీలు నడిపేవాళ్లకు మాత్రం కొత్త కిట్ ఇంకాస్త దూరమైంది. అందుకే సెకండ్ హ్యాండ్ కార్లు చేతులు మారుతుంటాయి, ఒకరి తప్పులు ఇంకొకరికి వారసత్వంగా వస్తుంటాయి. అయితే వీల్ అలైన్‌మెంట్ తెలిసిన మేస్త్రీ బళ్లారిలోనూ ఉంటాడు, బరంపురంలోనూ ఉంటాడు. కారు సైజు చూసి నవ్వినా, చక్రం పట్టుకుని ఊపాక నవ్వడు.

కుర్రాడి ఖర్చు బేరింగులకు 700, స్టీరింగ్ సెట్టుకు 1,400, సేవర్‌కు 500, గుండు కీళ్లకు 250. మొత్తం 2,850. వాషర్లకు ఖర్చు లేదు. మేనమామ కూలీ రెండు టీలు.

ఆదివారం బెంగళూరు శివారులోని మట్టి ట్రాక్‌కు ముగ్గురూ బస్సులో వెళ్లారు. ఐదేసి నిమిషాల హీట్లు. మొదటి హీట్‌లోనే తేడా తెలిసింది. తిన్నటి దారిలో కారు గీత గీసినట్టు పోయింది. కుర్రాడి చేయి పాత అలవాటు కొద్దీ ఊరికే సరిదిద్దుతూ ఉంది. దాంతోనే రెండు మలుపులు పాడుచేసుకున్నాడు. రెండో హీట్‌లో ఒకేసారి పైపు తగిలింది. కింది స్థాయి ఫైనల్‌లో తొమ్మిది కార్లకు ఆరో స్థానం. ముందున్న ఐదింటిలో నాలుగు వేగమైన సర్వోలే. పొడవాటి మలుపుల్లో వెంట ఉండగలిగాడు కానీ, వెంటవెంటనే ఎడమ కుడి తిరగాల్సిన చోట ప్రతి చుట్టులో ఓ అడుగు వెనకబడ్డాడు. ఎస్3003 హద్దు అక్కడ బయటపడింది.

అయినా బండి చివరిదాకా పరుగెత్తింది. స్నేహితుల్లో ఒకడు అమ్మే మాట వెనక్కి తీసుకున్నాడు. రెండోవాడు తీసుకోలేదు. అతనికి ఇంట్లో అవసరముంది, తన మూడు వేలు తనకు కావాలన్నాడు. తిరుగు బస్సులో అత్తిబెలె దాటేలోపు లెక్క తేల్చుకున్నారు. కుర్రాడి దగ్గర మిగిలిన 2,150లో రెండు వేలు అక్కడికక్కడే ఇచ్చేశాడు. మిగతా వెయ్యి వచ్చే నెల కొరియర్ జీతంలోంచి. ఆ పైనే సర్వో.

సోమవారం సాయంత్రం కారు మళ్లీ షెడ్డులోనే ఉంది. బేరింగుల్లోకి ఎర్రమట్టి చేరింది. మేనమామ వాటిని ఊడదీసి పెట్రోలు గిన్నెలో వేశాడు. కుడి టై రాడ్ కీలు అప్పుడే కొద్దిగా ఆడుతోంది.